మొండయ్యకు ఇంకా హక్కుంది

పోయినవారం వినోదను ఎక్కడ వదిలేశామో గుర్తుందా? సుబేదారిలో జిరాక్సు దుకాణం మీద కార్మిక సంఘం ఆఫీసు. రెండే గదులు. అందులో బయటి గది కంప్యూటర్ ముందు, కుర్చీ అంచు మీద వదిలేశాం. ఎవరైనా వచ్చి కూర్చోగల కంప్యూటర్ అది. స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపే పిల్లలు, పెన్షన్ ఎక్కడ ఆగిందో కనుక్కునే ముసలివాళ్లు, పనిలేక క్రికెట్ చూసేవాళ్లు, అందరి చేతులూ దాని మీద పడతాయి. అలాంటి కంప్యూటర్ తెర మీద 'వాంగ్మూలాలు' అనే ఫోల్డర్ ఏమీ అడగకుండా తెరుచుకుంది.

అది తెరుచుకోకూడని ఫోల్డర్. రాజేశ్వర్ రావు మరమగ్గాల షెడ్డులో పనిచేసే సుకన్య కుడిచెయ్యి ఎండాకాలంలో బెల్టులో పడి నలిగిపోయింది. బెల్టు మీద జాలీ మూత ఉందనీ, పిల్లే ఫోన్ చూసుకుంటూ చెయ్యి పెట్టిందనీ రాజేశ్వర్ రావు అంటాడు. ఆ పెద్దమనిషికి గుడి గడపకు వెండి తొడుగు చేయించే తీరిక ఉంటుంది గానీ బెల్టుకు ఇనుప మూత బిగించే తీరిక ఉండదు. మూత పీకేయించారని చెప్పిన ఆడకూలీల గొంతులు ఆ ఫోల్డర్‌లో ఉన్నాయి. రేపు పొద్దున లేబర్ కోర్టులో విచారణ. వకీలు విజయశ్రీ ఆ గొంతులను కోర్టు ముందు పెట్టేదాకా అవి ఎవరివో షెడ్డుకు తెలియకూడదు. అందరికంటే ఎక్కువగా సరోజన సంగతి తెలియకూడదు. సరోజన మొగుడు అదే రాజేశ్వర్ రావు గోదాములో బస్తాలు మోస్తాడు. వాళ్లు తలదాచుకునే రేకుల ఇల్లు కూడా ఆయనదే.

వినోద ఫోల్డర్ మూసేసింది. మూసినంత మాత్రాన ఏమొస్తుంది? తాళం లేని తలుపును దగ్గరకు వేసినట్టే. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది, ఎవరు చూశారు, ఎవరు విన్నారు అని మనసు పరుగెత్తుతుంటే, కారణం మాత్రం తేలిగ్గానే తట్టింది. లోపలి గదిలో ఉన్న పెద్ద కంప్యూటర్ డిస్కు కొన్నాళ్లుగా గరగరమంటోంది. ఈ వారమే మెకానిక్ వచ్చి కొత్త డిస్కు పెట్టి, పాతదానిలోదంతా దానిలోకి పోసి పోయాడు. కాగితాలన్నీ వచ్చాయి, ఫొటోలన్నీ వచ్చాయి, గొంతులన్నీ వచ్చాయి. ఎవరు ఏది తెరవొచ్చన్న పర్మిషన్లు మాత్రం రాలేదు. కొత్త డిస్కుకు సంఘం కార్యదర్శి ఓంకార్ ఎవరో, దారిన పోయేవాడు ఎవరో తేడా తెలియదు. అందరికీ అన్నీ అని తలుపులు తీసి కూర్చుంది.

బయటి గదిలో అప్పుడు ఇంకొక్కరే ఉన్నారు. పూలమ్మ. సంఘం అధ్యక్షుడిగా పనిచేసి, శ్రావణమాసంలో ఊపిరితిత్తులు చెడి చనిపోయిన మొండయ్య భార్య. తన ఇంటి పని కాగానే ఆమె ఆఫీసుకు వస్తుంది. గోడ మీది మొండయ్య ఫొటో తుడుస్తుంది, ఆయన కూర్చున్న కుర్చీ తుడుస్తుంది, కాసేపు బల్ల మీద కూర్చుని వెళ్తుంది. ఆమెను ఎవరూ ఏమీ అనరు. అనడానికి ఎవరికి నోరొస్తుంది?

వినోద లేచి, ఎవరన్నా వస్తే కంప్యూటర్ ముట్టనియ్యొద్దనీ, తనను పిలవమనీ పూలమ్మకు చెప్పింది. పూలమ్మ తల ఊపింది. వినోద లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

రెండు కంప్యూటర్లను కలిపే వైరు పీకేస్తే అయిపోయేది. ఒక్క లాగు లాగితే బయటి గదికి లోపలి గది కనబడకుండా పోయేది. ఆ సంగతి వినోదకు తోచలేదు. భయపడ్డ మనిషికి దగ్గరి దారి కనబడదు. తనకు బాగా తెలిసిన పని ఒకటుంది, దాని వెంట పరుగెత్తింది.

ఎండాకాలంలో గొంతులన్నీ రికార్డు చేయడం పూర్తయిన రోజున మొండయ్య ఆమె పక్కన కూర్చుని తాళాలు వేయించాడు. ఏ ఫోల్డర్‌కు ఎవరు, ఏ గదికి ఎవరు అని ఒక్కొక్కటి అడిగి పెట్టించాడు. అన్నీ పెట్టించాక, ఈ పెట్టుడంతా మళ్లీ చేయాల్సి వస్తే ఎట్ల అని అడిగాడు. అప్పుడు వినోద ఆ పర్మిషన్ల బ్యాకప్ తీసి తన పెన్‌డ్రైవ్‌లో దాచింది. అందులో కాగితాలుండవు, గొంతులుండవు. ఏ తాళంచెవి ఎవరి బొడ్లో ఉందన్న గుర్తు మాత్రం ఉంటుంది. ఇప్పుడు దాన్ని రీస్టోర్ చేస్తే చాలు. ఎండాకాలంలో ఉన్న తాళాలన్నీ ఎక్కడివక్కడ పడతాయి.

పర్సులోంచి పెన్‌డ్రైవ్ తీసి పెట్టింది. నల్ల తెర తెరిచి కమాండ్ కొట్టింది. ఒక అక్షరం తప్పు పడింది. చెరిపి మళ్లీ కొట్టింది. ఎంటర్ నొక్కింది.

ఒక్కటి కూడా పడలేదు. ఫోల్డర్ కనబడలేదు, ఫోల్డర్ కనబడలేదు అని వరుసలు వరుసలుగా తెర మీద పారింది.

కనబడకపోవడమేమిటి, కళ్ల ముందే ఉంది గదా. వినోద తెరకు మొహం దగ్గర పెట్టి చదివింది. బ్యాకప్ 'సంఘం' అనే ఫోల్డర్‌ను వెతుకుతోంది. కొత్త డిస్కులో ఉన్న ఫోల్డర్ పేరు 'శుభం సంఘం'.

ఈ శుభం ఎక్కడిదో ఆమెకు వెంటనే అర్థమైంది. కొత్త డిస్కు పెట్టిన రోజు ఓంకార్ ఇంటి నుంచి పసుపు, కుంకుమ, కొబ్బరికాయ వచ్చాయి. మైకు పట్టుకుంటే మూఢనమ్మకాల మీద గంటసేపు ఉతికే ఓంకార్, భార్య చిలుకమ్మ మాటకు ఎదురు చెప్పలేక కంప్యూటర్‌కు బొట్టు పెట్టాడు. డబ్బా మీద ఆ బొట్టు ఇంకా ఉంది. వినోద ఫోన్ చేసింది. ఓంకార్ కోర్టు దగ్గర విజయశ్రీ ఆఫీసులో ఉన్నాడు.

"అన్నా, ఫోల్డర్ పేరు మార్చింది నువ్వేనా?"

"మీ వదినె పోరు పడలేక మెకానిక్‌తోని కొట్టిచ్చిన చెల్లె. కొత్త పెట్టెల పెడతాన్నం, ముందట ఒక మంచి మాట ఉండాలంటది. ఏమైంది?"

"తాళాలన్ని పాత పేరు కోసం దేవులాడుతాన్నయి."

"మరి తీసెయ్. శుభం మనకెన్నడు కల్సొచ్చింది గనుక."

మామూలు రోజైతే నవ్వేది. ఫోల్డర్ అందరికీ తెరిచి ఉందన్న మాట ఆమె నోట్లోంచి వచ్చేసరికి అవతల ఓంకార్ నవ్వు కూడా ఆగిపోయింది. ఎవరన్నా విన్నారా అని అడిగాడు. తెలియదన్నది. సరోజన గొంతు ఒక్కటి బయటపడ్డా రేపు ఆమె కోర్టుకు రాదనీ, రానివ్వరనీ, ఆమె లేకపోతే మూత పీకడం కళ్లారా చూసినవాళ్లు ఇంకెవరూ లేరనీ, ఇదంతా వినోదకు తెలియనట్టు మళ్లీ చెప్పాడు. భయమేస్తే ఓంకార్ ఉపన్యాసం ఇస్తాడు. తాను గంటలో వస్తానని పెట్టేశాడు.

వినోద శుభాన్ని చెరిపేసింది. 'సంఘం' మిగిలింది. మళ్లీ కమాండ్, మళ్లీ ఎంటర్.

ఈసారి వరుసలు సాఫీగా పోయాయి. ఒక్కో ఫోల్డర్ పేరు వస్తోంది, పక్కన అయినట్టు పడుతోంది. సభ్యత్వాలు. కోర్టు కేసులు. సభల ఫొటోలు. ఫ్యాను తిరుగుతున్నా ఆమె జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. వాంగ్మూలాలు అన్న పేరు వచ్చి, పక్కన అయినట్టు పడేదాకా తెర మీంచి చూపు తిప్పలేదు. పడింది. ఒక్కటి కూడా తప్పలేదని చివరి వరుస చెప్పింది.

కుర్చీలో వెనక్కి వాలింది. బయటి గదిలో చప్పుడు లేదు. ఎవరూ వచ్చినట్టు లేదు. కింద జిరాక్సు దుకాణం మెషిన్ ఒక్కటే గుర్రుగుర్రుమంటోంది. లేచి మంచినీళ్లు తాగుదామనుకుంది. అంతలో, పడ్డ తాళాన్ని ఒకసారి లాగి చూడటం మంచిదనిపించి, వాంగ్మూలాల ఫోల్డర్ మీద నొక్కి, హక్కు ఎవరెవరికి ఉందో చూసింది.

ఓంకార్. విజయశ్రీ. వినోద.

మొండయ్య.

ముందు ఆ పేరు చూసి గుండె కలుక్కుమంది, అంతే. బతికున్నప్పటి బ్యాకప్ గదా, ఉంటుంది మరి. ఆయనే పక్కన కూర్చుని పెట్టించిన తాళాలు. ఆ తర్వాత మెల్లగా, కాలి మీదికి పాకిన చీమలాగా, ఇంకో సంగతి గుర్తొచ్చింది.

మొండయ్య పోయాక కమిటీలో ఒక పంచాయితీ నడిచింది. ఆయన పేరు మీద ఉన్న లాగిన్ తీసేయాలా వద్దా అన్నది. తీసేద్దామన్నారు కొందరు. పూలమ్మ వచ్చింది. ఏడాది మాసికం అయ్యేదాకా ఇంట్లో ఆయన అంగీ కొక్కేనికే ఉంటదనీ, ఆయన కంచం పక్కకు జరపలేదనీ, ఇక్కడ పేరెట్ల కొట్టేస్తరనీ అడిగింది. మా ఇండ్లల్లో ఇది కొత్తేమీ కాదు. ఏడాది తిరిగేదాకా పోయినవాళ్లు పూర్తిగా పోయినట్టు కాదు. రోడ్డు మీద రాజేశ్వర్ రావు బొమ్మ తగలబెట్టే కమిటీ, ఆ ముసలామె ముందు తలకాయలు దించుకుంది. పేరు ఉండనిద్దాం అని తీర్మానించింది. పేరు ఉండాలి, తాళం మాత్రం ఉండొద్దు అని వినోద తనలో తాను అనుకుంది. బతుకమ్మ పండుగ ముందు, ఎవరికీ చెప్పకుండా, వాంగ్మూలాల ఫోల్డర్ ఒక్కదాని నుంచి మొండయ్య హక్కు తీసేసింది. బయటి గది కంప్యూటర్‌లో మొండయ్య లాగిన్ మాత్రం ఆయన చిన్న ఫొటోతో సహా అట్లాగే ఉంది.

తీసేసిన తర్వాత మళ్లీ బ్యాకప్ తీయాలి. తీయలేదు. పండుగ పనుల్లో పడింది, తర్వాత మరిచింది. బ్యాకప్‌కు శ్రావణమాసం తెలియదు. దానికి తెలిసింది ఎండాకాలమే. ఎండాకాలంలో మొండయ్య బతికే ఉన్నాడు కాబట్టి, ఇప్పుడు ఆయన తాళం ఆయనకు తెచ్చి ఇచ్చేసింది.

ఏం కాదులే, చనిపోయిన మనిషి వచ్చి తెరుస్తాడా అనుకుంటూనే, ఏ ఫైలు ఎవరి చేతిలో ఉందో చూపించే కిటికీ తెరిచింది. ఊరికే, ధైర్యం కోసం. అందులో ఒకే ఒక వరుస ఉంది.

వాంగ్మూలాలు. గొంతు-7. తెరిచినవారు: మొండయ్య.

ఫైళ్లకు మనుషుల పేర్లు పెట్టొద్దని వినోదే పట్టుబట్టింది. అందుకే అన్నీ గొంతు-1, గొంతు-2. ఏ అంకె ఎవరిదో ఆమెకు నోటికొచ్చు. ఏడు సరోజనది.

ఆమె తలుపు తీసిన చప్పుడు కూడా కాలేదు.

బయటి గది కంప్యూటర్ ముందు పూలమ్మ కూర్చుని ఉంది. చెవులకు హెడ్‌ఫోన్లు. కొంగు తల మీంచి జారి భుజం మీద పడింది. తెర మీద మూలన మొండయ్య చిన్న ఫొటో. పూలమ్మ కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి, ఎవరో చెప్తుంటే వెంట అంటున్నట్టు. వినోద భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడలేదు. హెడ్‌ఫోన్లు మెడ మీదికి దించుకుంది. అందులోంచి సన్నగా, దోమ పాడినట్టు, ఆడగొంతు ఒకటి మాట్లాడుతూనే ఉంది.

"ఆయన గొంతు వచ్చిందే, వినోదా," అంది పూలమ్మ. "ఇన్నాళ్లకు మళ్ల వచ్చింది."

వినోదకు ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. ప్రతి రికార్డు మొదట్లో మొండయ్య మాట్లాడతాడు. ఆడవాళ్లు భయపడకుండా ఆయనే ఎదురుగా కూర్చుని అడిగాడు. ప్రతి ఒక్కరితోనూ ఒకటే మాట మొదలు. భయపడకు బిడ్డా. ముందు పేరు చెప్పు. ఫైళ్ల మీద పేర్లు లేకుండా వినోద ఎంత జాగ్రత్తపడితే ఏం లాభం, లోపల మొట్టమొదటి మాటే పేరాయె. ఇద్దరిలో ఎవరికీ ఆ రోజు ఆ ఆలోచన రాలేదు.

పాస్‌వర్డ్ ఎట్లా తెలుసని అడిగితే, పూలమ్మ తన రెండు చూపుడువేళ్లు చూపించింది. ఆయన పెట్టుకున్నది తన పేరేనట. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు. ఏ వేలు ఎక్కడ పడాలో ఆయన పక్కన కూర్చుని నేర్పాడు. తాను ఉన్నా లేకున్నా సంఘంలో ఏం జరుగుతాందో నువ్వొచ్చి చూసుకో అన్నాడట. తెర మీద ఎక్కడ నొక్కితే గొంతులు వస్తాయో అక్కడ ఒక గుర్తు కూడా పెట్టించాడట. ఆ గుర్తు 'సంఘం' అన్న పాత పేరుకు పోయేది. శుభం ఉన్నన్నాళ్లు అది ఎక్కడికీ పోలేదు. తలుపులన్నీ తెరిచి ఉన్న ఈ నాలుగు దినాలు ఆమెకు మాత్రం తెరుచుకోలేదన్నమాట. ఇప్పుడు వినోదే పాత పేరు పెట్టింది, వినోదే పాత హక్కు తెచ్చింది. ప్రపంచం మొత్తానికి తాళాలు వేసి, ఒక్క తలుపు చేతులారా తీసి ఇచ్చింది.

"ఎప్పటిసంది ఇంటాన్నవ్, పెద్దమ్మా?"

"ఆయన కర్మ అయిన తెల్లారి సంది. బతుకమ్మల దాక ఇన్న. మాటలాడుడు బందైనంక నిన్నే అడిగితిని గదనే. బిడ్డా, మీ పెద్దనాయన మాటలాడుత లేడు అంటే, నువ్వు చాయ తెచ్చిచ్చి పక్కన కూసున్నవు."

నిజమే. ముసలామె దుఃఖంలో ఏదో అంటోందనుకుని చాయ తెచ్చిచ్చింది. వీపు నిమిరింది. తాళం వేసింది తానేనని తెలిసి కూడా, ఆమె అడుగుతున్నది ఆ తాళం గురించేనని తట్టలేదు. ఇప్పుడు ఆ చాయ గుర్తొస్తుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కానీ సిగ్గుపడటానికి కూడా తీరిక లేదు. అన్ని గొంతులూ విన్నావా అని అడిగింది. విన్నానంది పూలమ్మ. మొదట్లో ఆయన మాట్లాడే ఆ రెండు ముక్కల కోసమే వినేదట. అది అయిపోగానే మళ్లీ మొదటికి తెచ్చుకునేదట. తర్వాత్తర్వాత, ఆయన అంత ఓపికగా వింటుంటే తాను మధ్యలో లేచిపోవడం మర్యాద కాదనిపించి, చివరిదాకా కూర్చునేదట.

"మా యాకయ్య సంగతి గుడ ఇన్న," అంది.

యాకయ్య ఆ షెడ్డుకు మేస్త్రీ. పూలమ్మకు స్వయానా తమ్ముడు. తల్లి పోతే చంకన వేసుకుని పెంచింది ఈమే. గొంతు-7లో సరోజన చెప్పిందంతా యాకయ్య గురించే. మాటిమాటికీ మగ్గం ఆపి మూత తీసి పోగు సరిచేస్తుంటే గుడ్డ తక్కువ దిగుతోందని ఓనరు అరిస్తే, పానా పట్టుకుని మూత పీకి మూలకు విసిరింది యాకయ్యే. సుకన్య చెయ్యి పోయాక, పిల్లను ఆటోలో దవాఖానకు పంపి, అదే పానాతో మూత మళ్లీ బిగించిందీ యాకయ్యే. సరోజన నూలు కండెల గంప వెనక నిలబడి రెండూ చూసింది.

"మొదలు ఇన్ననాడు సరోజన అబద్ధమాడుతాందనుకున్న," అంది పూలమ్మ. కళ్లు ఇప్పుడు తెర మీద లేవు, గోడ మీది ఫొటో మీద ఉన్నాయి. "ఆయన మళ్ల మళ్ల అడిగిండు. నీ కండ్లతోని చూసినవా అన్నడు. చూసిన్నన్నది. అప్పుడు ఆయన కొద్దిసేపు ఏం మాటలాడలేదు. ఆయన ఊకున్నడంటే నమ్మిండన్నట్టు. నా తమ్ముడని తెలిసి నమ్మిండు. ఇంటికొచ్చి నాకు ఒక్కమాట చెప్పలేదు. నాతోనే అన్నం తిన్నడు, వాని పేరెత్తలేదు."

మెడ మీది హెడ్‌ఫోన్లలో సన్నటి గొంతు ఆగింది. మళ్లీ మొదటి నుంచి మొదలైంది. అదే ఫైలు తిరిగి తిరిగి వచ్చేటట్టు పెట్టి ఉంది. ఆ ఏర్పాటు కూడా మొండయ్యదే అయి ఉంటుంది.

ఎవరికైనా చెప్పావా అని వినోద అడగబోయింది. పూలమ్మే అందుకుంది.

యాకయ్య నిన్న సాయంత్రం ఇంటికొచ్చాడట. రేపు కోర్టులో ఎవరో చూసినవాళ్లు నిలబడుతున్నారని షెడ్డులో గుసగుసలు పుట్టాయట. ఓనరు పిలిచి, ఆ మనిషి పేరు తేకపోతే జైలుకు పోయేది నువ్వే, నాకేం సంబంధం లేదు, మూత పీకమని నేను చెప్పినట్టు రాత ఉందా అన్నాడట. ఇదీ వీళ్ల వరస. పీకమన్నప్పుడు నోటితో అంటారు, దొరికినప్పుడు కాగితం అడుగుతారు. యాకయ్య అక్క ముందు కూర్చుని, బావకు అన్నీ తెలుసు, పోయేముందు నీకు చెప్పకుండా ఉండడు అని పట్టుకున్నాడు.

"అన్నం పెట్టిన. ముట్టలేదు. కంచం ముందట కూసోని ఏడిశిండు," అంది పూలమ్మ. "వాన్ని ఉపాసం పండవెట్టి ఎరుగనే నేను."

"చెప్పినవా, పెద్దమ్మా?"

"చెప్పిన."

సరోజన రేకుల ఇల్లు కళ్ల ముందు కదిలింది. వాకిట్లో ఆరేసిన పిల్లల బట్టలు కనబడ్డాయి. ఇప్పుడే పరుగెత్తాలి. ఆమెను, పిల్లలను ములుగు బస్సు ఎక్కించి తన అమ్మ ఇంటికన్నా పంపాలి. ఫోన్ ఎక్కడ పెట్టానో అని లోపలి గది వైపు చూసింది.

"సరోజన ఇంటికి పోతా. నేను పోవాలె."

"సరోజన ఇంటికెందుకే?" అంది పూలమ్మ. "దానికి ఇద్దరు పిల్లలు. దాని మొగడు వాండ్ల గోదాముల్నె ఉన్నడు. దాని పేరు నేనెట్ల చెప్పుదు? ఆయన దాచిన పేరు అది."

"మరి ఎవరి పేరు చెప్పినవ్?"

పూలమ్మ మొదటిసారి వినోద కళ్లలోకి చూసింది.

"నీ పేరు."

కింద జిరాక్సు మెషిన్ ఆగింది. ప్రమాదం జరిగినప్పుడు వినోద ఆ షెడ్డులోనే పనిచేసేది. ఆఫీసు గదిలో హాజరు పట్టీ ఎక్కించే పని. కేకలు వినబడి బయటికి వచ్చేసరికి పిల్ల ఆటోలో ఉంది, మూత బెల్టు మీద ఉంది. ఆమె చూసింది ఏమీ లేదు. చూడలేదు కాబట్టే వాంగ్మూలం కూడా ఇవ్వలేదు. ఆ నెలలోనే పని మానేసి సంఘంలోకి వచ్చింది. యాకయ్యకు ఇంతకంటే నమ్మదగిన పేరు ఇంకోటి ఉండదు.

"గాడ్నె ఆఫీసుల ఉంటివి. చెప్తే నమ్ముతడు, నమ్మిండు," అంది పూలమ్మ, బియ్యం ధర చెప్పినంత మెల్లగా. "నీకు మొగడు లేడు, పిల్లలు లేరు. కిరాయి గది. ఏం గుంజుకుంటరు నీ దగ్గర? అట్లనుకున్న. ఇంకోటి గుడ చెప్తా, దాస్తే ఆయన ఫొటో నా దిక్కు చూస్తది. ఆయన గొంతు బంద్ చేసింది నువ్వేనని నాకు ఎప్పటిసందో తెలుసు. ఆ తాళాలు వేసుడు, తీసుడు నీకొక్కదానికే వచ్చని ఓంకార్ చెప్పిండు. పేరు చెప్పేటప్పుడు అది గుడ యాదికొచ్చింది."

వినోదకు కోపం రావాలి. వస్తుందేమోనని తనలో వెతుక్కుంది. సరోజన బయటపడలేదన్న ఊరట ముందు వచ్చింది, దాని వెనకే భయం వచ్చింది. రెండింటి మధ్య కోపానికి చోటు దొరకలేదు. యాకయ్య ఏం చేయగలడో ఆమెకు తెలుసు. పని మానేసిన రోజు గేటు దాకా వచ్చి, నోరు జాగ్రత్త అని నవ్వుతూ చెప్పిన మనిషి. రేపటిదాకా వాడు వినోదే చూసిందనుకుంటే సరోజన క్షేమంగా కోర్టు మెట్లు ఎక్కుతుంది. ఒక్క రాత్రి. ఈ అబద్ధం ఒక్క రాత్రి నిలబడితే చాలు.

నిలబడాలంటే ముందు ఆ ఫైలు ఆగాలి. లోపలికి పోయి మొండయ్య హక్కు తీసేయాలి. ఇప్పుడే తీసేయాలి. ఆమె ఒక అడుగు వేసింది కూడా.

కింద బండి ఆగిన చప్పుడు. స్టాండు వేసిన చప్పుడు. ఇనుప మెట్ల మీద మగచెప్పులు.

"తమ్ముడే," అంది పూలమ్మ. "నన్ను తీస్కపోను వస్తనన్నడు. నీతోని గుడ జర మాటలాడేది ఉందట."

"పెద్దమ్మా, అది ఆపు. ముందు ఆ పాట ఆపు," అని వినోద గుసగుసగా అంది. ఫైలు అనాలో గొంతు అనాలో తోచక పాట అంది.

పూలమ్మకు ఎక్కడ నొక్కితే వస్తుందో తెలుసు. ఎక్కడ నొక్కితే ఆగుతుందో మొండయ్య ఎప్పుడూ నేర్పలేదు. ఆమె తెర వైపు చూసింది, తలుపు వైపు చూసింది, కంగారుగా కుర్చీలోంచి లేచింది. మెడలో ఉన్న హెడ్‌ఫోన్లు ఆమెతోపాటు లేచాయి. వైరు బిగుసుకుంది. వినోద చెయ్యి చాచేలోపే పిన్ను కంప్యూటర్‌లోంచి ఊడి నేల మీద పడింది.

యాకయ్య చెప్పు ఆఖరి మెట్టు మీద పడింది. తలుపు సందులో అతని చొక్కా రంగు కనబడింది. అక్కా, తిన్నవా అని అతను అనబోతూ, నోరు తెరిచి, అట్లాగే ఆగిపోయాడు.

గదంతా నిండేటట్టు, పోయిన మనిషి గొంతు, ఏ తొందరా లేకుండా అడిగింది.

"భయపడకు బిడ్డా. ముందు పేరు చెప్పు."